ఒక కొస మిగిలింది

దారం కొసను పెదవులతో తడిపి సూది బెజ్జంలోకి ఎక్కించి, గొడుగక్క నల్లగుడ్డను ఊచ మీదికి లాగింది. గుడ్డ రెక్కలన్నీ మిషను మీద ముందే జతవుతాయి. ఆ గుడ్డను ఒక్కో ఊచ కొసకూ చేత్తో కుట్టడం ఆమె పని. బిగువు ఎక్కువైతే గొడుగు మూసుకోదు, తక్కువైతే గాలికి తిరగబడుతుంది. చూపుడువేలి పక్కన చర్మం కాయకట్టి గోరులా గట్టిపడింది. వంగి వంగి మెడ కింద చిన్న మూపురంలాంటిది లేచింది.

ఇదే పని చేసిన తల్లికి చూపు తగ్గాక, ఆవిడ పీట మీదికి ఈమె వచ్చింది. పెళ్ళికీ, పురిటికీ, భర్త పోయినప్పుడూ ఇక్కడినుంచే లేచి వెళ్ళింది, మళ్ళీ ఇక్కడికే వచ్చి కూర్చుంది.

యజమాని పెద్దయ్య ఉన్నన్నాళ్ళూ కంపెనీ అంటే గొడుగులే. ఆయన పోయాక కొడుకు చిన్నయ్య, ఎండాకాలం గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోకూడదని సబ్బుల కంపెనీ కొన్నాడు. తర్వాత పరుపులు, ఆ తర్వాత బిస్కెట్లు. ఎప్పుడూ ‘కొన్నాం’ అనడు. ‘కలుపుకున్నాం’ అంటాడు. కొత్తది కలిసినప్పుడల్లా గొడుగుల బల్ల కాస్త జరిగేది. హాల్లోంచి వెనకగదిలోకి, వెనకగదిలోంచి మెట్ల కిందికి వచ్చింది.

“ఇంకోటి కలుపుకుంటే మనల్ని మెట్ల మీద కూర్చోబెడతారు. ఎక్కేవాళ్ళకి గొడుగు పట్టాలిగా!” అనేవాడు పక్కన ఊచలు బిగించే ముసలాయన. అందరికీ ఆయన ఊచల బాబాయి.

“పట్టుకుందాంలే. సబ్బు మీదా మన గొడుగు బొమ్మే, బిస్కెట్టు పొట్లం మీదా మన గొడుగే. మనం లేకపోతే వాళ్ళకి మొహమేది?” అనేది ఆమె.

ఆ పొద్దున లెక్కలు రాసే అమ్మాయి పై మెట్టు మీదనుంచే కేకేసింది.

“అక్కా! ఇవాళ ఇంకోటి కలుపుకున్నారట!”

“ఈసారి ఏంటే? చెప్పులా, చీపుళ్ళా?”

“గొడుగులక్కా! పెద్ద గొడుగుల కంపెనీ!”

గొడుగక్క చేతిలో సూది ఆగింది. మొహమంతా నవ్వయింది.

“విన్నావా బాబాయ్? ఇన్నాళ్ళకి మనవాళ్ళొస్తున్నారు. ఆ సబ్బుల వాసనతో చచ్చిపోతున్నాం.”

బాబాయి పట్టకారు కింద పెట్టాడు. “ఇంట్లో గొడుగున్నవాడు ఇంకో గొడుగెందుకు కొంటాడే?”

“నీ నోట్లోంచి ఏనాడన్నా మంచిమాట ఊడిపడిందా?”

బల్ల మీది పీలికలన్నీ ఊడ్చింది. దారపుండలు ఒక పక్కకి జరిపి, కొత్తవాళ్ళు చేతులు చాపుకునేంత చోటు చేసింది. పరుపులవాళ్ళని బతిమాలి రెండు కుర్చీలు తెచ్చి వేసింది. ఒకటి కుంటుతుంటే కాలి కింద అట్టముక్క మడిచి పెట్టి, తనే ఓసారి కూర్చుని చూసుకుంది.

మధ్యాహ్నం చిన్నయ్య మెట్ల కిందికి వచ్చాడు. చిన్నప్పుడు ఈ బల్ల కిందే గుడ్డపీలికలతో ఆడుకున్నవాడు. మీసాలొచ్చాక కూడా ‘అత్తా, కళ్ళజోడు మార్చవే’ అని దెబ్బలాడేవాడు. ఇప్పుడు పైన మెట్లు తగలకుండా తల వంచి నిలబడ్డాడు.

“అమ్మా, మీరు కాస్త కూర్చోండి.”

గొడుగక్క వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. తను కూర్చునే ఉంది.

“కొత్తచోట పనంతా మిషన్ల మీదే అయిపోతుందండీ. ఒకే పని రెండు చోట్ల ఎందుకని... ఇక్కడ ఇవాళ్టితో ఆపేస్తున్నాం. మీకు రావాల్సినవేవీ ఆగవు.”

మాటలన్నీ వినబడ్డాయి. అర్థం కూడా అయ్యాయి. అయినా చెవిలో ఆ ‘అండీ’ ఒక్కటే ముల్లులా నిలబడిపోయింది. ఇంకేదో అడగాలని నోరు తెరిచింది.

“కుర్చీలు తెచ్చాను చిన్నయ్యా.”

“ఏ కుర్చీలు?”

“వచ్చేవాళ్ళకి. ఒకటి కుంటుతుంటే సరిచేశాను.”

అతను కుర్చీల వంక చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేదన్నట్టు మొహం తిప్పుకున్నాడు.

“కలుపుకుంటూ కలుపుకుంటూ, చివరికి కలుపు తీశారన్నమాట,” అన్నాడు బాబాయి. ఆయన ఏమన్నా ముందు నవ్వేది గొడుగక్కే. ఇవాళ నవ్వలేదు.

ఒళ్ళో గొడుగుని తడుముకుంది. “ఈ ఒక్క కొస ఉంది. కుట్టేసి లేస్తాను.”

“ఎందుకులెండి.”

అతను మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆమె సూదిని గుడ్డ దగ్గరికి తెచ్చింది. కానీ ఎక్కడ గుచ్చాలో తెలియలేదు. పుట్టి బుద్ధెరిగాక చేస్తున్న పని, ఎవరో చెరిపేసినట్టు వేళ్ళలోంచి పోయింది. కళ్ళజోడు కోసం బల్లంతా వెతికింది.

“మొహం మీదే ఉందే తల్లీ,” అన్నాడు బాబాయి.

“అవునా,” అంది. భోజనం డబ్బా తీసుకుంది, మూత తెరిచి చూసింది. ముద్ద కూడా ముట్టలేదు. మళ్ళీ మూసింది.

“రేపు వస్తావుగా బాబాయ్?” అని గుమ్మం దగ్గర అడిగింది.

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆమె ఆగలేదు. రోజూలాగే బిస్కెట్ల పెట్టెల పక్కనుంచి, వాటి మీది గొడుగు బొమ్మల పక్కనుంచి నడిచి బయటికి వెళ్ళింది.

బల్ల మీద గొడుగు విప్పి ఉంది. ఒక ఊచ కొస గుడ్డ లేకుండా బయటికి పొడుచుకొచ్చింది. దాన్ని అందుకోవాల్సిన నల్లగుడ్డ మూల కిందికి జారి, ఖాళీ కుర్చీ మీదికి వేలాడుతోంది. ఆ మూలనుంచి దిగిన దారం చివర సూది, గాలి లేకపోయినా, ఇంకా కొంచెం ఊగుతోంది.