చిన్నాన్న అనే మాట

దుప్పటి అంచు మడిచి ఇస్త్రీపెట్టెతో ఒక్క లాగు లాగాడు. తెల్లారినప్పటి నుంచి ఇది ముప్పై ఎనిమిదోది. అన్నీ ఆస్పత్రి దుప్పట్లే. పదకొండేళ్ళుగా అదే బల్ల, అదే ఆవిరి. కుడి ముంజేతి మీద కాలిన మచ్చలు నిచ్చెన మెట్లలా వరసగా ఉన్నాయి. నడుము ఎడమకి ఒరిగిపోయింది. తిన్నగా నిలబడ్డా, కింద పడిందేదో తీసుకోబోతున్నట్టే కనిపిస్తాడు.

పది గంటలకి సూపర్‌వైజరుకి చెప్పి బయటపడ్డాడు. ఈ పరాయి దేశంలో ఉండటానికి ఏడాదికోసారి కార్డులు పొడిగించుకోవాలి. తనది, భార్యది, ఆరేళ్ళ కూతురిది. గడువు ఎల్లుండితో సరి. భార్య వేలిముద్రలు కిందటి వారమే అయ్యాయి. ఇవాళ పిల్లదాని వంతు.

ఎప్పుడూ ఏడాదే ఇస్తారు. అతని కడుపుమంటంతా అక్కడే. తోడల్లుడు, అంటే భార్య చెల్లెలి మొగుడు, వచ్చి రెండేళ్ళు నిండకుండానే ఐదేళ్ళ కార్డు కొట్టేశాడు. కరెంటు పని తెలిసినవాడట. వాణ్ణి ఇక్కడికి రప్పించింది తను. పెళ్ళాం వచ్చేదాకా ఉండరా అని ముందుగదిలో పరుపు వేసింది తను. ఇప్పుడు ఇంట్లో బల్బు వెలగాలన్నా, నలుగురూ నవ్వాలన్నా వాడే. వాడొచ్చాకే ఈ ఇంట్లో మాటలు వినపడుతున్నాయని భార్య మొన్న ఎవరితోనో ఫోన్లో అంటుంటే విన్నాడు. ఆ పూట అన్నం సహించలేదు.

బడి నుంచి పిల్లని తీసుకుని కార్డుల ఆఫీసుకి వెళ్ళాడు. రెండు గంటలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాక పిలుపొచ్చింది. కిటికీ వెనక కళ్ళద్దాలావిడ కాగితాలన్నీ తిరగేసి, పిల్ల ముద్దుగా ఉందని కాబోలు, మీ ఇంట్లో ఎవరెవరుంటారని దాన్నే అడిగింది. అతనికి ఇక్కడి భాష ముక్కలు ముక్కలుగా అర్థమవుతుంది గానీ నోరు తిరగదు; పిల్లకి నీళ్ళు తాగినంత తేలిక. అమ్మ, నాన్న అని చెప్పింది. చిన్నాన్న అనే మాటను మధ్యకి విరిచి, రెండు ముక్కలూ ఆ భాషలోకి మోసుకెళ్ళి, "చిన్న నాన్న" అంది.

ఆవిడ కలం ఆగింది. ఇద్దరు తండ్రులా అని అడిగింది. అవునంది పిల్ల ఉత్సాహంగా. ఒకాయన దుప్పట్లు ఇస్త్రీ చేస్తాడని, చిన్నాయన తనకు జడలేస్తాడని, కథలు చెబుతాడని విప్పి చెప్పింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అతని చెవులు కాలిపోయాయి. తన దూడ పొరుగింటి గాటికి తనంతట తనే వెళ్ళి నిలబడ్డట్టుంది.

"అమ్మ చెల్లెలి మొగుడని చెప్పవే" అన్నాడు పళ్ళ బిగువున.

పిల్ల చెప్పింది. ఆవిడ కూడా నవ్వేసి ఏదో అంది.

"చిన్నాన్న మనింట్లోనే ఉంటాడు కదా, ఆయన పేరు ఒక కాగితం మీద రాసి రేపు తెమ్మంటోంది నాన్నా. అంతేనట."

అంతే. కానీ తన ఇంటి కాగితాల్లో వాడి పేరు. అదీ తన చేత్తో రాసి.

"మనింట్లో ఉండడని చెప్పు."

"ఉంటాడుగా?"

"చెప్పమన్నానా."

పిల్ల నేల చూస్తూ చెప్పింది. ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎప్పుడైనా ఇల్లు చూడ్డానికి మనుషులు రావచ్చని చెప్పి, పిల్ల వేలిముద్రలు తీసుకుని, కాగితాల మీద మూడు స్టాంపులు టపటపా కొట్టింది.

సాయంత్రం అందరూ భోజనాలు ముగించాక గోడవైపు చూస్తూ చెప్పాడు. తనిఖీకి వస్తారట, ఇంట్లో ఎక్కువ మనిషి కనపడితే ముగ్గురి కార్డులూ పోతాయట. భార్య గిన్నెలు కడుగుతూ కుళాయి కట్టేసి విన్నది. తోడల్లుడు మారు ప్రశ్న వెయ్యలేదు.

"దానికేముంది అన్నయ్యా. మా కంపెనీ గదుల్లో మంచం ఖాళీగానే ఉంది. నా మూలాన మీకు చిక్కెందుకు."

అరగంటలో సంచి సర్దుకున్నాడు. వదినకి వెళ్ళొస్తానని చెప్పాడు. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటుంటే పిల్ల వచ్చి తండ్రి చొక్కా పట్టుకుంది.

"కాగితం ఒక్కటి చాలందిగా నాన్నా ఆవిడ."

భార్య అతని వంక చూసింది. తోడల్లుడూ చూశాడు. తర్వాత తోడల్లుడు పిల్ల ముందు గొంతుక్కూర్చుని దాని బుగ్గ నిమిరాడు.

"నీకు సరిగ్గా వినపడలేదులే తల్లీ. ఆఫీసు మాటలు మెలికలుగా ఉంటాయి."

వాడు తిట్టినా తను తేలికపడేవాడు. ఈ మంచితనం కూడా చివరికి వాడి ఖాతాలోకే పోయిందే అనుకున్నాడు ఇస్త్రీ మనిషి, మెట్ల మీద అడుగులు దిగిపోతుంటే.

భార్య పిల్లని ఎత్తుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది. అతను మంచినీళ్ళ కోసం వంటగదిలోకి వెళ్ళాడు. సింకు పక్కన, రేపటికని ఆమె కడిగి బోర్లించిన తోడల్లుడి క్యారేజీ ఉంది. మూడు గిన్నెలూ విడివిడిగా, అంచుల నుంచి ఇంకా నీళ్ళు జారుతూ.