పేరు మారని కారు

యుద్ధం ముదిరి పెట్రోలుకు కూపన్లు పెట్టినాక, మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే ఆదినారాయణ శెట్టికి కారు భారమైపోయింది. కొన్ననాడు ఊరంతా వచ్చి చూసిన కారు, ఇప్పుడు పలకల కొట్టం పక్కన దుమ్ము కొట్టుకొని పడుంది. ఆ శ్రావణంలో గిద్దలూరు నుంచి రామసుబ్బయ్య వచ్చినాడు. నల్లమలలో వెదురు కాంట్రాక్టు చేసే మనిషి, కూపన్లు ఎట్ల తెచ్చుకోవాలో తెలిసినవాడు. బేరం ఒక్క పూటలో తెగింది. రొక్కం చేతిలో పెట్టి, కారుతో పాటు దాన్ని నడిపే ఎజ్రాను కూడా తనకే ఇమ్మన్నాడు. ఎజ్రాకు ఇంకో బతుకుతెరువు లేదు, సరేనన్నాడు.

మిగిలింది కాగితం పని. కారు ఎవరి పేరున ఉందో రాసుకునే ఆఫీసు కర్నూల్లో ఉంది. అమ్మినవాడు, కొన్నవాడు ఇద్దరూ సంతకాలు పెట్టి, బండి బుక్కుతో సహా అక్కడ దాఖలు చేస్తేగాని పేరు మారదు. ఆదినారాయణ తన సంతకం పెట్టి కాగితం ముందుకు జరిపినాడు.

“మన మధ్య కాగితమేందన్నా? కర్నూల్లో నాకూ పనుంది. ఇద్దరం కలిసే పోదాం, సంతకం అక్కడే పెడతా,” అని రామసుబ్బయ్య లేచినాడు.

దసరా పోయింది, కార్తీకం పోయింది. రెండు మూడు మార్లు కబురు పంపి ఆదినారాయణ ఊరుకున్నాడు. నిజానికి ఆయనకూ అంత తొందర లేదు. గిద్దలూరు రోడ్డున ఆ కారు పోతుంటే జనం ఇంకా శెట్టిగారి కారనే అంటున్నారు. ఆ మాట చెవిన పడితే ఆయనకు లోపలెక్కడో హాయిగా ఉండేది. పేరు మారితే అదీ పోతుందనిపించేది.

మాఘం వెళ్ళేటప్పటికి కొనకనమిట్ల వైపు కాపరులు గొర్రెలను నల్లమలకు తోలుకొని పోతున్నారు. తర్లుపాడు దాటినాక, పొద్దుగూకే వేళ, శ్రీరాములనే ముసలి కాపరి కుంటిగొర్రెను నడిపించుకుంటూ మందకు వెనకబడినాడు. ఆ కారే వచ్చి ఆయన్ను గుద్ది, అక్కడే వదిలి పోయింది. ముందుపోయినవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేసరికి ప్రాణం లేదు. కారు మాత్రం ఎంతో దూరం పోలేదు. చక్రం విరిగి రోడ్డు పక్కన ఒరిగి ఉంది, లోపల మనిషి లేడు.

మర్నాడు ఎజ్రా కాలినడకన శెట్టి గడపకొచ్చి కూలబడినాడు. వెనక సీట్లో రామసుబ్బయ్య ఉన్నాడని చెప్పినాడు.

“గుద్దినాక ముసలాయన చెయ్యెత్తినాడయ్యా. ‘నీళ్ళు’ అన్నట్టు వినపడింది. నేను ఆపి దిగబోతే రామసుబ్బయ్య భుజం పట్టి లాగినాడు, పోనీమన్నాడు. పోనిచ్చినాను.”

ఆదినారాయణ అతనికి కూడు పెట్టించి, స్టేషనుకు పోయి ఉన్నదున్నట్టు చెప్పుకోమన్నాడు. నిజం చెప్పినవాడికి ఏమీ కాదని ధైర్యం కూడా చెప్పినాడు. ఎజ్రా ఆ మాట నమ్మి పోయినాడు.

పోలీసులు కర్నూలుకు రాస్తే జవాబు వచ్చింది, బండి ఆదినారాయణ శెట్టిదని. ఆయన పెట్టె తీసి పేరు మార్పు కాగితం చూపించినాడు. అందులో ఆయన సంతకం ఒక్కటే ఉంది, రెండోది పెట్టాల్సిన చోటు ఖాళీ. కోర్టులో రామసుబ్బయ్య తొణకలేదు. కారు అద్దెకు తీసుకున్నానన్నాడు, డ్రైవరు శెట్టి మనిషేనన్నాడు, ఆనాడు తాను నంద్యాలలో ఉన్నానని సాక్షులను తెచ్చినాడు. ఎజ్రా చెప్పింది ఎవరూ రాసుకోదగ్గ మాటగా ఎంచలేదు. అతనికి ఏడాది జైలు వేసినారు. ఆదినారాయణకు జరిమానాతో సరిపోయింది. అన్ని వాయిదాల్లోనూ ఆయన ఆ బండి నాది కాదు, నాది కాదని చెప్తూనే వచ్చినాడు.

తీర్పైనాక కోర్టు వసారాలో శ్రీరాములు పెండ్లాం పుల్లమ్మ ఎదురొచ్చింది. అన్ని వాయిదాలకూ వచ్చి గోడకానుకొని కూర్చున్న మనిషి. ఎవరితోనూ మాట్లాడింది లేదు.

“బండి నీదేనా నాయనా?” అనడిగింది.

ప్లీడరు పక్కనే ఉన్నాడు. ఆదినారాయణ నోటికి అలవాటైనట్టు కాదనబోయి, ఆమె ముఖం చూసి ఆగినాడు.

“నాదేనమ్మా,” అన్నాడు.

ఆమె తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. కొంగు సర్దుకొని, చాన్నాళ్ళుగా మనసులో తిప్పుకుంటున్న మాట మెల్లగా బయటపెట్టింది.

“గుద్దంగానే పోయినాడా? కొంచేపు ఉన్నాడా? మీవాళ్ళకు తెలిసుంటది.”

ఎజ్రా చెప్పిన ఆ ఎత్తిన చెయ్యి ఆదినారాయణ కళ్ళముందు కనపడింది.

“అప్పుడే పోయినాడంటమ్మా. ఏమీ తెలీలేదంట.”

పుల్లమ్మ తల ఊపింది. నమ్మిందో లేదో ఆయనకు అర్థం కాలేదు. చెప్పులు చేతబట్టుకొని మెట్లు దిగి, కొనకనమిట్ల దారిన పోయింది.

మరుసటి వారం పోలీసులు కారును ఎద్దుల చేత లాగించుకొచ్చి, సొంతదారుడని సంతకం పెట్టించుకొని వదిలిపోయినారు. ఇంట్లో ఎవరూ దాని దగ్గరికి పోలేదు. కొనడానికి వచ్చినవాళ్ళు వచ్చినారు గాని, ఆదినారాయణ ఎవరికీ అమ్మలేదు. ఎజ్రా భార్య దీనమ్మకు నెలనెలా ఇద్దామని బియ్యం పంపిస్తే, మొదటిసారి తీసుకొని, రెండోసారి మూట విప్పకుండానే తిప్పి పంపింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ పంపలేదు.