రెండో ట్రాక్

అయినా ఎలక్ట్రిక్ గిటారు తీగను మీటిన వేలికీ చెవిలో మోగే స్వరానికీ మధ్య ఆ రెప్పపాటు ఆలస్యం ఇంకా కొంచెం మిగిలే ఉంది, లాప్‌టాప్‌లో బఫర్ అని రాసి ఉన్న చోట ఐదువందల పన్నెండు తీసేసి నూట ఇరవై ఎనిమిది పెట్టు నాన్నా అని ప్రవళిక కోదాడ నుంచి ఫోన్లో చెప్పింది, పెట్టాను, తగ్గింది, పూర్తిగా పోలేదు, పోనీ, అరవై ఏళ్ళ వేళ్ళు, అవీ ఒక క్షణం ఆలస్యంగానే నడుస్తున్నాయి, తెర మీద ఆంప్లిఫయర్ బొమ్మ ఉంది, నల్లపెట్టె, ముందు గోధుమరంగు గుడ్డ, పైన ఆరు నాబ్‌లు, ముట్టుకుందామంటే అద్దం, మౌసుతో తిప్పితే మాత్రం నిజంగానే గరగర పెరుగుతుంది, పెట్టె అనేదే లేకుండా పెట్టె మోతను లెక్కలతో పుట్టిస్తుందట ఈ సాఫ్ట్‌వేర్, ఎంత గదిలో మోగాలో కూడా మనమే చెప్పొచ్చు, నేను పెద్ద హాలు పెట్టుకున్నాను, సూర్యాపేటలో పది అడుగుల గదిలో గోడ వైపు తిరిగి కూర్చొని, హెడ్‌ఫోన్లలో మాత్రం వెయ్యి కుర్చీల హాల్లో వాయించుకుంటున్నాను, బయట నిలబడి వింటే తీగల టిక్కుటిక్కు తప్ప ఏమీ ఉండదు, నాకు కావలసిందీ అదే, వంటింట్లో అత్తమ్మ ఉంది, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, కడుపున పుట్టిన బిడ్డ పోయిన ఇంట్లోనే ఉంటున్న మనిషి, ఆమె ఉండగా గిటారు మోత ఎట్లా మోగిస్తాను.

ఆ అడ్డు కూడా ఇవాళ్టి వరకే, ఆదివారం, తొమ్మిదయింది, పదకొండు లోపల హరీష్ మిర్యాలగూడ నుంచి కారు తీసుకొని వస్తాడు, నా భార్య విజయలక్ష్మి తమ్ముడు, రైస్‌మిల్లు పక్కనే ఇల్లు, తల్లిని తీసుకుపోతాడు, రెండు చీరలు, మందుల డబ్బా, దువ్వెన, నిన్న సాయంత్రమే సంచిలో సర్దుకుంది, నేను చూశాను, చూడనట్టు పేపరు తిప్పాను, కొడుకు దగ్గరికి పోవాలనుకున్న తల్లిని ఆపడానికి నేనెవరిని, విజయకు డయాలసిస్ మొదలైనప్పుడు నెల రోజులు ఉండిపోదామని వచ్చింది, పద్నాలుగు నెలల కిందట విజయ పోయింది, ఈమె ఉండిపోయింది, ఉండమని నేను అనలేదు, పొమ్మని ఎవరూ అనలేదు, పొద్దున లేచేసరికి వాకిలి ఊడ్చి ఉండేది, నా బల్ల మూల మీద స్టీలు గ్లాసులో మజ్జిగ, పైన మూత, దోమ పడకుండా, ఇంత చిన్న మేలుకు కూడా కృతజ్ఞత చెప్పుకునే అలవాటు మా మధ్య లేదు, అల్లుడితో అత్త ఎదురుగా మాట్లాడదు, ముప్ఫై ఏళ్ళు విజయ మధ్యలో నిలబడి మా ఇద్దరి మాటలూ మోసింది, అల్లునికి ఇంకింత చారు పొయ్యి అని ఆమె విజయతో అనేది, చాలని చెప్పు మీ అమ్మకు అని నేను విజయతో అనేవాణ్ణి, ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం, విజయ నవ్వేది, నేను పోస్టుమేన్‌నా ఏంది, స్టాంపులు అంటించండి అనేది, ఇప్పుడు ఆ మనిషే లేదు, ఈమె పొయ్యితో మాట్లాడుతుంది, నేను తల ఊపుతాను.

పాత ఆంప్లిఫయర్ అటక మీద ఉంది, దుప్పటి చుట్టి నేనే పెట్టాను, దినవారాలు అయిన మర్నాడు, రోజూ సాయంత్రం ఆరింటికి దాన్ని మోగించేవాణ్ణి, కాలువల ఆఫీసులో పగలంతా ప్లాన్లు గీసి వచ్చిన చేతులకు అదే విశ్రాంతి, జర తగ్గించు, పప్పు అడుగంటినా తెలుస్తలేదు అని విజయ వంటింట్లోంచి అరిచేది, తగ్గించేవాణ్ణి, ఆమె అటు తిరగగానే పెంచేవాణ్ణి, ఎనిమిది నెలలు తీగ ముట్టలేదు, ఆ తర్వాత ప్రవళిక ఒక ఆదివారం ఈ లాప్‌టాప్ తెచ్చింది, రెండు రంధ్రాల చిన్న డబ్బా తెచ్చింది, ఒక రంధ్రంలో గిటారు, రెండో దాంట్లో పాడుకునే మైకు, ఇగ చూడు నాన్నా, ఇది పెట్టుకుంటే నీ ఒక్కనికే వినపడ్తది, ఇంట్ల ఎవ్వరికీ సప్పుడు రాదు అంది, ఆ మాటకు నాకు ప్రాణం లేచి వచ్చింది, ఎవ్వరికీ వినపడకుండా ఉండే ఏర్పాటు ఇన్నాళ్ళకు దొరికింది అనుకున్నాను.

సరే, ఫైలు పంపాలి, ప్రవళిక పనిచేసే బడిలో వార్షికోత్సవం, పిల్లల ప్రార్థన గీతం వెనక గిటారు కావాలంది, గురువారం సాయంత్రం వాయించిందే బాగుంది, అది తెరిచాను, పైన ఒక ట్రాక్, నా గిటారు, పచ్చని అలల గీత, దాని కింద ఇంకొకటి ఉందేమిటి, బూడిదరంగులో, చూస్తే ఆ రోజు రికార్డు చేసే ఎర్ర గుండీలు రెండూ నొక్కేసినట్టున్నాను, ఒకటి గిటారుది, రెండోది మైకుది, మైకు బల్ల మీద పడి ఉండి నలభై నిమిషాలు గదిని రికార్డు చేసుకుంది, తుడిచేద్దామని బాణాన్ని అక్కడిదాకా తెచ్చి, ఊరికే, అందులో ఏముందో అని, పైదాన్ని మూసేసి కిందిదాన్ని వదిలాను, ఫ్యాను, టిక్కుటిక్కు, ఇదా నేను వాయించింది, ఎండిపోయిన తీగల మోత, మధ్యలో నా దగ్గు, దూరంగా కుక్కర్, చెప్పుల శబ్దం దగ్గరికొచ్చింది, ఆగింది, అల్లునికి చాయ్ పెట్టాల్నా, అత్తమ్మ గొంతు, గాలితో అన్నట్టు, టిక్కుటిక్కు, చాయ్ పెట్టాల్నా అంటున్న, ఈసారి కొంచెం గట్టిగా, టిక్కుటిక్కు, నేను వెయ్యి కుర్చీల హాల్లో ఉన్నాను, ఆమె నా వీపు వెనక మూడడుగుల్లో ఉంది.

చెప్పులు కిటికీ వైపు పోయాయి, ఇంట్లో టవరు అందేది ఈ కిటికీ దగ్గరే, ఫోను ఎప్పుడూ స్పీకరులోనే పెడుతుంది, హలో హరీషా, ఇనవడ్తుందా, ఏం జేస్తున్నవ్, వెనక మిల్లు గడగడ, చెప్పవే అమ్మా, బావ మంచిగున్నడా అని హరీష్, ఏమో బిడ్డా, గీడనే ఉన్నడు, ఉన్నట్టే లేడు, చెవులకు గవి పెట్టుకొని గోడ దిక్కు కూసుంటడు, పిలిస్తె ఇనవడది, నాకా ఒక కన్ను మసక, మునుపు గా డబ్బ మోగుతుండె, ఇల్లంత అదురుతుండె, అల్లుడు ఇంట్ల ఉన్నడు, పాణం మంచిగున్నదని తెలుస్తుండె, ఇప్పుడు దగ్గరికి పోయి సూడాలె, మనిషి కదులుతున్నడా లేదా అని, మరి బావనే అడుగరాదు అని హరీష్, అల్లుణ్ణి ఎట్ల అడుగుతరా, బుద్ధి ఉన్నదా నీకు, నా మొకం సూస్తె బిడ్డ యాదికొస్తదేమో, అందుకే సప్పుడు బంద్ జేసి అటు తిరిగి కూసున్నడు, ఎన్నడన్న ఉండుమన్నడా, అనలే, నేనుంటే ఆయనకు ఇరుకు, ఆదివారం వచ్చి తీస్కపో, వస్త గని, మా మిల్లు పక్కన పండుకుంటే నీ చెవులు ఖతం అయితయి మల్ల అని హరీష్, కానియ్ తియ్, సప్పుడుంటె మనుషులున్నట్టు ఉంటది, ఈ మాటలన్నిటి కిందా టిక్కుటిక్కు, నా తీగలు, ఒక్కసారి కూడా ఆగలేదు, ప్రార్థన గీతం కదా, శ్రద్ధగా వాయిస్తున్నాను.

బల్ల మీది మజ్జిగ తాగాను, ఇరుకు అన్నది, నాకు ఇరుకట, కొడుకు మీద ప్రేమతో పోతోందనుకున్నాను, ఆమె దుఃఖాన్ని కదపకూడదని నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఆమె దాన్ని తన మొహం మీద మూసిన తలుపు అనుకుంది, ప్రవళికకు ఫోన్ చేశాను, అమ్మమ్మతో ఒక మాట చెప్పమ్మా, పోవద్దని, నాకు ఇబ్బంది ఏమీ లేదని అన్నాను, నాన్నా, మీరిద్దరూ పది అడుగుల దూరంలో ఉండి నేను కోదాడ నుంచి చెప్పాలా, అమ్మ చేసిన ఉద్యోగం నాకివ్వకండి, ఆ జీతం నాకు చాలదు అని పెట్టేసింది, పదిన్నర, హెడ్‌ఫోన్ల తీగ పీకేశాను, పెద్ద హాలు గుప్పున కూలి లాప్‌టాప్ స్పీకర్లో సన్నగా బయటపడింది, నాలుగు స్వరాలు వాయించాను, వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది, ఇంకో నాలుగు వాయించాను, వింటోంది, అంతే చాలేమో, ఇది విని అర్థం చేసుకుంటుందేమో, లేదు, ఏమని అర్థం చేసుకుంటుంది, తను ఊరికి పోయే ముందు నాకు పాట గుర్తొచ్చిందనుకుంటుంది, నోటితో అనాల్సింది గిటారు మీద నెట్టేస్తున్నాను, మళ్ళీ ఒక పోస్టుమేన్‌ను వెతుక్కుంటున్నాను, గిటారు మంచం మీద పెట్టి లేచాను.

ఆమె పొయ్యి ముందు నిలబడి ఉంది, కొంగు సర్దుకొని పక్కకు తప్పుకోబోయింది, ఎప్పటిలాగే, నేను గడప దగ్గరే ఆగాను, అత్తమ్మా, అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినపడింది, పోవద్దు, ఆమె పొయ్యి వైపే చూస్తోంది, మీరుంటే నాకు ఇరుకు లేదు, మీ మొఖం చూస్తే విజయ యాదికొస్తది, నిజమే, అందుకే ఉండుమంటున్న, పాలు పొంగొచ్చాయి, ఆమె మంట తగ్గించింది, చేతులు కొంగుకు తుడుచుకుంది, తుడిచినవే మళ్ళీ తుడిచింది, తర్వాత తల తిప్పి, బాగున్న కంటితో, సూటిగా నా వైపు చూసింది, గీ మాట సంవత్సరం కింద అనొచ్చుగద, అంది, అనాల్సి ఉండె, అన్నాను, హరీషు బయలెల్లిండు, వాడికేం జెప్తవు, అన్నం తిని పొమ్మని చెప్త, అన్నాను, కారు ఖాళీగ పోతే వాని పెండ్లాం నన్ను తిడ్తది, నన్ను తిట్టుమను, అన్నాను, ఆమె పెదవి మూల కదిలింది, విజయ నవ్వు మొదలయ్యేదీ ఆ మూల నుంచే, ముప్ఫై ఏళ్ళలో నేను అత్తమ్మ పెదవిని ఎన్నడూ నేరుగా చూడలేదు, బియ్యం డబ్బా మూత తీసి ఇంకో రెండు గ్లాసులు పోసింది, పోస్తూ, మా పిల్లకు నీ పాటలల్ల ఏది ఇష్టముండె అని అడిగింది, కళ్ళలో నీళ్ళతోనే అడిగింది, దాచుకోలేదు, నాకూ దాచుకోవాలనిపించలేదు, గడప మీదే కూర్చున్నాను, చెప్పడం మొదలుపెట్టాను, చెబుతుండగా తెలిసింది, ఆమెకు నొప్పి అవుతుందని నేను దాచిందీ, నాకు నొప్పి అవుతుందని ఆమె దాచిందీ ఒక్క మనిషినే, విజయనే.