ఐసు షెడ్డుకు కరెంటు

రేవులో చేపలు ఏరే ఆడవాళ్లలో ఒకామెను అందరూ పెద్దక్క అనేవారు. ఐసు దొరక్క, మధ్యాహ్నం దాటేసరికి సగం చేపలు మెత్తబడిపోయేవి. వాటిని మళ్లీ నీళ్లలోకే పారబోసేవారు. ఇరవై ఏళ్లు అది చూసి చూసి, కంప్రెసర్లు బాగుచేసే తమ్ముడితో కలిసి ఐసు ఫ్యాక్టరీ పెట్టాలనుకుంది. తమ్ముడు పాత యంత్రం ఒకటి వెతికి తెచ్చి, విప్పి, కడిగి, మళ్లీ బిగించాడు. దిమ్మలు గడ్డకట్టించే ఉప్పునీళ్ల తొట్టి కట్టారు. రేకుల షెడ్డు వేశారు. ఇక కావాల్సింది కరెంటొక్కటే.

కరెంటాఫీసులో దరఖాస్తు పెట్టిన నెలకు షెడ్డు కొలతలు సరిపోలేదన్నారు. సరిచేసి ఇచ్చింది. తర్వాత అధికారి సెలవులో ఉన్నాడన్నారు. ఆ తర్వాత బదిలీ అయ్యాడన్నారు. అతని చేయి అప్పటికే తడిపింది. కొత్తగా వచ్చినవాడికీ తడపాల్సి వచ్చింది. అతనూ వెళ్లిపోయాడు. ప్రతి సోమవారం పని మానుకుని వెళ్లి గుమాస్తా బల్ల ముందు నిలబడేది. మొదటి ఏడాది కోపం వచ్చేది. రెండో ఏడాది ఏడుపు వచ్చేది. తర్వాత గోడమీద పెచ్చులూడిన చోటు చూస్తూ నిలబడి, మళ్లీ రమ్మంటే సరేనని వచ్చేసేది.

తమ్ముడు మాత్రం ఆగలేకపోయాడు. అడిగిన వారానికే కరెంటిచ్చే మరో రేవులో పని దొరికిందన్నాడు.

"నువ్వూ వచ్చెయ్యక్కా. ఇక్కడుంటే యంత్రంతో పాటు మనమూ తుప్పు పట్టిపోతాం."

షెడ్డును ఎవరు చూసుకుంటారని ఆమె అడిగింది. అతను పనిముట్ల పెట్టె భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఐదో ఏడు కొత్త అధికారిణి వచ్చింది. మొదటి వారంలోనే బీరువాలన్నీ తెరిపించి, ఆగిపోయిన ఫైళ్లవాళ్లను పిలిపించింది. పెద్దక్కను కుర్చీలో కూర్చోబెట్టి, కాగితాలు రెండుసార్లు తిరగేసింది.

"ఇందులో లోటేమీ లేదే. ఎందుకాపారు?" అని గుమాస్తాను అడిగింది.

"ఎవరూ గట్టిగా అడగలేదు మేడమ్," అన్నాడతను.

పెద్దక్క అతనివైపు చూసింది. ఏదో ఒకటి అనాలని ఆమెకు తెలుసు. చూపు మాత్రం గోడమీద పెచ్చులూడిన చోటికే పోయింది. అధికారిణి సంతకం పెట్టేసింది.

వారంలో స్తంభం పాతి తీగ లాగారు. స్విచ్చు వేస్తే షెడ్డులో బల్బు వెలిగింది. కంప్రెసర్ మూలిగి ఆగిపోయింది. ఉప్పుగాలికి లోపలంతా బిగుసుకుపోయింది. పెద్దక్క తమ్ముడికి ఫోన్ చేసింది.

"కరెంటొచ్చిందిరా."



"పిల్లల్ని ఇక్కడ బళ్లో వేశానక్కా," అన్నాడు.

సరేలే అని, అన్నం తిన్నావా అని అడిగి పెట్టేసింది.

ఆ అధికారిణి ఉన్న మూడేళ్లలో రేవు మారిపోయింది. ఏ కాగితం ఏ రోజుకు వస్తుందో ముందే తెలుస్తుండటంతో బయటివాళ్లు ధైర్యంగా వచ్చి పనులు మొదలుపెట్టారు. ఒక వ్యాపారి పెద్దక్క షెడ్డును అద్దెకు తీసుకుని కొత్త యంత్రం పెట్టాడు. పాతదాన్ని తుక్కు కింద మోసుకుపోతుంటే ఆమె పక్కకు జరిగి దారిచ్చింది. పడవలకు ఐసు దిమ్మలు అందించే పనిలో ఆమెనే పెట్టుకున్నాడు. చేపలు పారబోయడం ఆగింది. ఆడవాళ్ల కూలి పెరిగింది. అంతా నీ చలవే పెద్దక్కా అనేవారు. ఆమె తలూపేది.

తమ్ముడు ఒకసారి చూడటానికి వచ్చాడు. కొత్త యంత్రం చుట్టూ తిరిగి, చెవిపెట్టి విని, బాగా నడుస్తోందన్నాడు.

"సంతోషంగా ఉందా అక్కా?"

ఆమె నిజంగానే ఆలోచించింది.

"ఏమోరా. పని తొందరగా అయిపోతోంది," అంది.

అంతలో ఇంకో పడవ వచ్చింది. పెద్దక్క గోనెపట్టా చేతికి చుట్టుకుని దిమ్మను ముందుకు లాగింది. తమ్ముడు రెండోవైపు పట్టాడు.