నొక్కు అనేవాడు

ఆఫీసులో అందరూ ఎదురుగా ఆయన్ని సార్ అంటారు, తలుపు దాటాక పెద్దాయన అంటారు. ఒకప్పుడు కంప్యూటర్ ఇంజనీరు. తరవాత సొంత కంపెనీ పెట్టి, పెంచి, అమ్మేశాడు. ఇప్పుడు కొత్తగా కంపెనీలు పెట్టే కుర్రకారుకు పెట్టుబడి పెట్టడమే ఆయన పని. ఆయన సరేనంటే వాళ్ళ పంట పండినట్టే. అందుకని ఆయన నోటి నుంచి ఏది రాలినా ముత్యమే.

ఆ ఉదయం ముగ్గురు వచ్చారు. సరుకు లారీలు గోదాము ముందు గంటలకొద్దీ నిలబడకుండా చూసే ప్రోగ్రాం రాశారట. గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. పెద్దాయన అంతా విని, నవ్వు బయటపడనీయకుండా, "అన్నిటికంటే చివర వచ్చిన లారీని ముందు పంపితే?" అన్నాడు.

పొద్దుటి నుంచీ నిలబడ్డ డ్రైవరు వింటే రాయి అందుకునే మాట అది.

"అద్భుతం సార్!" అంది వాళ్ళలో పెద్దపిల్ల.

"మాకు తట్టనే లేదు," అన్నాడు పక్కవాడు, గబగబా రాసుకుంటూ.

మూడోవాడు నోరు తెరవబోయాడు. పక్కవాడు బల్ల కింద కాలు తొక్కాడు. తెరిచిన నోరు ఏం చెయ్యాలో తెలియక వాడు మంచినీళ్ళు తాగాడు.

ఇలా ఒక తప్పుమాట విసిరి చూడడం పెద్దాయనకు కొన్నాళ్ళుగా అలవాటైంది. కాదనేవాడు ఒక్కడైనా తగులుతాడేమోనని గాలం వేసుకుని కూర్చుంటాడు. చేప పడదు. ఇంట్లోనూ అంతే. కాదనే మనిషి, భార్య, పోయింది. వంటమనిషితో కూరలో ఉప్పు లేదంటే, ఉన్నా సరే, "అవునండయ్యా" అని ఇంకాస్త వేస్తుంది. ఆ ఉప్పుకషాయం ఆయనే తినాలి.

కంపెనీ పెట్టిన రోజుల్లో ఇలా ఉండేది కాదు. ఉన్నది ఒకటే గది, ఒకటే కంప్యూటరు, ఇద్దరు మనుషులు. ఆయనా, ఆయన బావమరిదీ. ఇద్దరిదీ ఒకే చదువు. ఆయన కూర్చుని ప్రోగ్రాం రాసేవాడు, బావమరిది వెనకాల నిలబడి చూసేవాడు. చేతులు ఒకరివి, నోరు ఇంకొకరిది. వెనకవాడు "నొక్కు" అనేదాకా ముందువాడు ప్రోగ్రాం నడిపే మీట నొక్కకూడదు. అదీ కట్టుబాటు.

ఆ కట్టుబాటు సబ్బు వల్ల వచ్చింది. మొదట్లో ఒక దుకాణానికి, ఏ సరుకు నిండుకుందో చెప్పే ప్రోగ్రాం రాసిచ్చారు. యంత్రం లెక్క సున్నాతో మొదలవుతుంది. ఆయన మామూలు మనుషుల్లాగా ఒకటితో మొదలుపెట్టాడు. దాంతో వరసలో మొట్టమొదటి సరుకు లెక్కలోకే రాలేదు. అది సబ్బు. దుకాణంలో సబ్బు పూర్తిగా అయిపోయినా యంత్రం కిక్కురుమనలేదు. దుకాణదారు వచ్చి, సబ్బు లేకుండానే ఇద్దరికీ తలంటి పోయాడు. అప్పటి నుంచి ఆయన ఏ తప్పు చేసినా బావమరిది నోట ఒకటే మాట: "సబ్బు, బావా!"

కంపెనీ పెద్దదైంది. డబ్బు పెట్టినవాళ్ళు ఇద్దరికీ చెరో గది ఇచ్చారు. ఎవరూ ఎవర్నీ పొమ్మనలేదు. మధ్యన గోడ లేచింది, అంతే. అమ్మేద్దామని ఆయన తేల్చి చెప్పిననాడు బావమరిది, "మీ ఇష్టం బావగారూ," అని, ఒక స్కూల్లో పిల్లలకు కంప్యూటరు నేర్పుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆ 'గారు' పెద్దాయన చెవిలో ముల్లులా ఉండిపోయింది. అక్క పోయాక బావమరిది రాకపోకలూ పోయాయి.

ముగ్గురూ వెళ్ళాక పెద్దాయన తలుపేసుకుని చాలాకాలానికి ఒక ప్రోగ్రాం రాశాడు. వేళ్ళు తడబడ్డాయి. బావమరిది స్కూల్లో కంప్యూటర్లు తక్కువ, పిల్లలు ఎక్కువ కాబట్టి, ఎవరి వంతు ఎప్పుడో పేరు పెట్టి పిలిచే ప్రోగ్రాం. అందులో కావాలనే ఒక తప్పు పెట్టాడు, ఒకే పిల్లకు వెంటవెంటనే రెండు వంతులు వచ్చేట్టు. బావమరిది తిడితే ఆ మనిషి ఇంకా తనకు ఉన్నట్టు. బాగుందంటే, ఇక లేనట్టు.

మర్నాడు స్కూలుకు వెళ్ళాడు.

"రండి బావగారూ. కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా." బావమరిది జుట్టు నెరిసింది.

"పిల్లల కోసం ఒకటి రాశాను. చూడు."

పెద్దాయన ఒక కంప్యూటరు ముందు కూర్చుని ప్రోగ్రాం తెర మీద పెట్టాడు. బావమరిది వెనకాల నిలబడలేదు. పక్కన కుర్చీ లాక్కుని, చుట్టపుచూపుగా వచ్చినవాడిలా కూర్చుని చివరిదాకా చదివాడు.

"బాగుందండీ."

"అంతేనా?"

"పిల్లలకు పనికొస్తుంది. శ్రమ పడ్డారు."

పెద్దాయన వెళ్ళొస్తానంటూ కళ్ళజోడు కోసం బల్లంతా తడుముకున్నాడు. అది ముక్కు మీదే ఉంది. బావమరిది మాత్రం తెర వైపే చూస్తూ, దురద ఆపుకుంటున్నవాడిలా పెదవి కొరుక్కుంటున్నాడు.

"ఆ రెండు వంతుల తప్పు కావాలని పెట్టారు కదూ?"

"ఎలా తెలుసు?"

"నీ తప్పులు నాకు తెలియవా? అంత కొట్టొచ్చినట్టు కనపడే తప్పు నీకు జన్మలో చేతకాదు. నాకే పరీక్ష పెడతావా? అక్క మొగుడివని ఊరుకున్నా." లేచి, కుర్చీ వెనక్కి వచ్చి, పెద్దాయన భుజం మీదుగా తెర మీద వేలు పెట్టాడు. "అసలుది ఇదిగో, పైన."

పెద్దాయనకు ఏమీ కనపడలేదు.

"సబ్బు, బావా, సబ్బు! మళ్ళీ ఒకటితో మొదలెట్టావు. మొదటి పిల్లని ఏడాదంతా ఎవరూ పిలవరు. గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంటుంది. ఇన్ని కంపెనీలు చూశావు, సున్నా అంటే ఇంకా భయమేనా?"

"ఇది నిజంగా చూసుకోలేదురా."

"ఎప్పుడు చూసుకున్నావు గనక?"

గంట మోగింది.

"నాకు పక్కగదిలో క్లాసుంది. దిద్దుతూ ఉండు," అని బావమరిది వెళ్ళిపోయాడు.

గుడ్డలు కప్పిన కంప్యూటర్ల మధ్య పెద్దాయన ఒక్కడే మిగిలాడు. ఒకటి చెరిపి సున్నా పెట్టాడు. కావాలని పెట్టిన తప్పునూ తీసేశాడు. గోడ అవతల బావమరిది ఎవర్నో చెడామడా తిడుతున్నాడు. అదృష్టవంతులు, అనుకున్నాడు.

వేలు మీట మీద పెట్టాడు. జేబులో ఫోను మోగి ఆగింది, మళ్ళీ మోగింది. ఆఫీసు వాళ్ళే అయి ఉంటారు. మీట నొక్కలేదు. వెనక ఎవరూ లేరు. గోడ వైపు చెవి పెట్టుకుని, క్లాసు అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు.