ఒక్కపొద్దు నాటి గోలీ

శోభారాణి చేతిలో గాజు చిట్లిందంటే హన్మకొండ చౌరస్తాలో ఎవరూ నమ్మరు. ఎంత మొండి చెయ్యి అయినా సరే, దాన్ని ఒళ్లోకి తీసుకుని, బొటనవేలి మొదలును లోపలికి నొక్కి, "మీదేవూరమ్మా, పిల్లగాడేం చేస్తడు?" అని ముచ్చట పెడుతుండగానే డజను గాజులు మణికట్టు చేరిపోయేవి. అత్తగారి పక్కన కూర్చుని నేర్చుకున్న పని అది. దుకాణం భర్త చంద్రమౌళి పేరు మీద ఉంది గాని, పెళ్లివారు వెతుక్కుంటూ వచ్చేది ఆవిడ చేతుల కోసమే.

అలాంటి చేతులు పోయిన శనివారం పరువు తీశాయి. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చిన పెళ్లికూతురికి పచ్చగాజులు తొడుగుతుంటే ఉన్నట్టుండి వేళ్లు వణికాయి, కళ్లు మసకబారాయి, గాజులు పటపటా చిట్లి పిల్ల చేతి మీద రక్తం కారింది. పిల్ల పాపం కొంగుతో రక్తం ఒత్తుకుంది. తల్లి మాత్రం "పెండ్లి గాజులు గిట్ల పలగ్గొడ్తరా?" అని పిల్లను రెక్క పట్టుకుని ఎదురు దుకాణంలోకి లాక్కుపోయింది. చెమటతో తడిసి ముద్దైన శోభారాణి గల్లాపెట్టె మీద తల వాల్చి ఏడ్చింది. సిగ్గుతో ఏడ్చింది, భయంతోనూ ఏడ్చింది. చంద్రమౌళి బలవంతాన తియ్యటి చాయ్ తాగిస్తే గాని వణుకు ఆగలేదు. ఎందుకు ఆగిందో అప్పుడైనా ఆవిడకు తట్టలేదు.

ఇది మొదటిసారి కాదు. షుగర్ డాక్టర్ రమాకాంత్‌కు చెప్పుకోనూ చెప్పుకుంది. కానీ ఆ మహానుభావుడు తలెత్తి మొహం చూస్తేగా! ఆయన చూసేది కాగితాన్ని. కాగితం చూడటం అయిపోగానే టేబుల్ మీదున్న గంట టింగుమని కొడతాడు. గంట మోగితే లోపలున్నవాళ్లు లేవాలి, బయటున్నవాళ్లు రావాలి. "చేతులు వణుకుతున్నయి సార్, చెమటలు పడుతున్నయి" అని ఆవిడ అంటే, "నలభై తొమ్మిదేళ్లు. నెలసరి ఆగే వయసు. ఆడవాళ్లందరికీ ఉండేదే" అని గంట కొట్టాడు. ఇంకోసారి "టెన్షన్ తగ్గించుకో" అని గంట కొట్టాడు.

శోభారాణి కూడా ఆయన దగ్గర ఒక సంగతి దాచింది, అదీ చెప్పుకోవాలి. పెళ్లయిన నాటి నుంచీ ఆవిడకు శనివారం ఒక్కపొద్దు. పొద్దంతా మంచినీళ్లే, సాయంత్రం వెంకన్నకు దీపం పెట్టాక ఒక్కపూట భోజనం. షుగర్ బయటపడ్డ రోజు డాక్టర్ వేలు చూపించి "ఏమైనా సరే, గోలీ మాత్రం మానొద్దు" అన్నాడు. డాక్టర్ మాట డాక్టర్‌ది, దేవుడి మొక్కు దేవుడిది. ఆవిడ రెండూ తప్పలేదు. శనివారం పొద్దున్నే తలస్నానం చేసి, ఖాళీ కడుపున గోలీ మింగి దుకాణానికి పోయేది. ఒకసారి చెబుదామనే అనుకుంది. సరిగ్గా ఆ రోజే ములుగు నుంచి వచ్చిన యమున అనే ఆమె ఆవిడకన్నా ముందు లోపలికి పోయి ఉపవాసం మాటెత్తింది. "పూజలు చేసుకునేదుంటే గుడికి పో, నా దగ్గరికెందుకు!" అన్న డాక్టర్ కేక బయట కూర్చున్న హాలంతా విన్నది. ఆ తర్వాత ఎవరు నోరు తెరుస్తారు?

ఈ శనివారం రక్తపరీక్ష రిపోర్టు పట్టుకుని పోయేసరికి ఆ హాలు కిక్కిరిసి ఉంది. డాక్టర్ ఎప్పటిలాగే ఆలస్యం. ఎండ ఎక్కేకొద్దీ శోభారాణి అరచేతులు చెమర్చాయి, ఒళ్లంతా వణకసాగింది. పక్కన కూర్చున్న ముసలమ్మ, పరకాల నుంచి వచ్చిన సమ్మమ్మ, ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"గిట్ల వణుకుతానవేంది బిడ్డా? ఏమన్న తిన్నవా?"

"లేదవ్వా. ఒక్కపొద్దు."

"గోలీ ఏసుకున్నవా?"

"ఏసుకున్న."

"ఇంకేంది మరి! నేను గూడ ఇయ్యాల ఒక్కపొద్దే. గోలీ మింగి కడుపు మాడ్చుకుంటే నాకూ గిట్లనే దడ పుడ్తది. అందుకే కొంగున బెల్లం ముక్క కట్టుకొని తిరుగుత. దేవుడేమనుకోడు తియ్." సమ్మమ్మ కొంగు ముడి విప్పి చిన్న ముక్క విరిచి ఆవిడ చేతిలో పెట్టింది.

శోభారాణి ఆ బెల్లం ముక్క వైపు అలాగే చూస్తూ ఉండిపోయింది. గాజులు చిట్లింది శనివారం. అంతకుముందు దుకాణం మెట్ల మీద కూలబడిందీ శనివారమే. తియ్యటి చాయ్ కడుపులో పడగానే మనిషి లేచి కూర్చుంది.

"ఈ సంగతి డాక్టర్‌కు చెప్పినవా అవ్వా?"

"చెప్తే మీద పడి కరుస్తడు. ఎవలు చెప్పాలె?"

అప్పుడు వచ్చింది శోభారాణికి కోపం. ఆయన మీద వచ్చింది, ఇన్నాళ్లూ నోరు కుట్టుకుని కూర్చున్నందుకు తన మీదా వచ్చింది. ఇంతలో లోపల గంట మోగింది, నర్సు సుకన్య ఆవిడ పేరు పిలిచింది. "ముందుగాల నోట్లేస్కో బిడ్డా!" అని సమ్మమ్మ మొత్తుకుంది. "ఆయన ముందట్నే ఏస్కుంట" అని శోభారాణి పిడికిలి బిగించి లేచింది. అది తెలివైన పని కాదు, నిజమే. కానీ ఆ వణుకును ఆయన కళ్లతో చూడకపోతే మళ్లీ వయసు అంటాడని ఆవిడ భయం.

రమాకాంత్ రిపోర్టు తిప్పాడు. "మూడు నెలల షుగర్ ఎనిమిదిన్నర. పెళ్లిళ్ల సీజన్ గదా, లడ్డూలు బాగా లాగిస్తున్నట్టున్నవ్. గోలీ డబుల్ చేస్తున్న. పొద్దునొకటి, రాత్రొకటి." రాయడం, గంట కొట్టడం ఒకేసారి అయిపోయాయి.

శోభారాణి లేవలేదు.

"సార్, జర నా చేతులు చూడుండ్రి. వణుకుతానయి."

"చెప్పిన గదమ్మా, వయసు." మళ్లీ గంట మీదికి చెయ్యి పోయింది. అంతకన్నా ముందు శోభారాణి చెయ్యి పోయింది. చెమట పట్టిన అరచేతిని గంట మీద పెట్టి గట్టిగా అదిమింది. రమాకాంత్ తలెత్తాడు. ఇన్నేళ్లలో ఆయన కళ్లు ఏ రంగులో ఉంటాయో ఆవిడ చూడటం అదే మొదలు.

"ఏంటిది? బయట ఎంతమంది ఉన్నరో తెలుసా?"

"తెలుసు సార్, నేను గూడ గా బయట్నించే వచ్చిన. ఇప్పుడే, ఈడ్నే నా వేలు పొడిచి షుగర్ చూడుండ్రి. అప్పటిదాంక లేవ. ఒక్క గోలీకే నా చేతుల గాజులు పలుగుతానయి. రెండేస్తే నేనే పోత."

సుకన్య షుగర్ చూసే మిషన్ చేతిలో పట్టుకుని ఎవరి వైపు చూడాలో తెలియక నిలబడింది. "చెయ్యి చెయ్యి, ఆమె ముచ్చట తీరుతది" అన్నాడు డాక్టర్, వాచీ చూసుకుంటూ. సుకన్య వేలు పొడిచింది, రక్తపు బొట్టు పట్టీకి అంటించింది, అంకె చూసి గొంతు తగ్గించి చెప్పింది.

"యాభై రెండు సార్."

వాచీ మీది నుంచి ఆయన చూపు చటుక్కున లేచింది. "తీపి! తీపి ఏదన్నా ఇవ్వు ఫస్ట్!" అని కుర్చీలోంచి సగం లేచాడు. శోభారాణి పిడికిలి విప్పి, వేళ్లకంటుకున్న బెల్లాన్ని నోట్లో వేసుకుంది. సుకన్య గ్లాసులో గ్లూకోజు కలిపి తెస్తే అదీ తాగింది. ఒక్కపొద్దు అక్కడితో సరి. వెంకన్నకు లెంపలేసుకుంటే ఊరుకుంటాడు గాని, చేతుల వణుకు ఊరుకోదు.

"పొద్దున ఏం తినలేదా?"

"శనివారం ఒక్కపొద్దు సార్. ఎన్నేండ్ల నుంచో ఉంటాన."

"మరి చెప్పొద్దా! ఉపవాసముండి ఆ గోలీ వేసుకుంటే ప్రాణం మీదికొస్తది. ఇన్నాళ్లూ ఎందుకు దాచినవ్?"

"దాచిన, నా తప్పే" అంది శోభారాణి. "ఉపాసం అన్నందుకు యమునను తిట్టిన తిట్లు మాకందరికీ ఇనపడ్డయి సార్. దేవునికి గూడ గంత కోపం రాదు. నేను చెప్పకపోవుడు తప్పే, మీరు అడగకపోవుడు తప్పే. తప్పు ఇద్దరిది. పడిపోయేది మాత్రం నేనొక్కదాన్నే."

ఆయన ఏదో అనబోయాడు. ఆవిడ వినిపించుకోకుండా లేచి తలుపు బార్లా తెరిచింది. "అమ్మా, అక్కా! ఇయ్యాల ఒక్కపొద్దు ఉండి గోలీ మింగొచ్చినోళ్లు ఎవలెవలో చేతులెత్తుండ్రి!"

ముందు సమ్మమ్మ చెయ్యి లేచింది, బెల్లం కొంగుతో సహా. గోడవారన కూర్చున్న నడివయసామె మొగుడి మొహం చూసి తనూ ఎత్తింది. తర్వాత ఇంకొకామె, ఆమె వెనక మరొకామె. తలుపు సందులోంచి డాక్టర్ రమాకాంత్ ఆ చేతులను చూశాడు. శోభారాణి ఆయన మొహం చూసింది. కోపం లేదు అందులో, ఒక్కో చెయ్యీ లెక్కపెడుతున్నాడు.

క్షమించమని అనలేదు. అంటాడని ఆవిడా అనుకోలేదు. రాసిన కాగితం చింపి, ఇంకోటి తీసుకున్నాడు. "ఒక్కపొద్దు నాడు సాయంత్రం ఎంత తింటవ్?" అని అడిగాడు.

"ఆకలికి ఆగక రెండు పూటలది ఒక్కపారే తింట సార్."

"అదే కొంపముంచుతున్నది. పొద్దంతా షుగర్ పడిపోతది, రాత్రికి ఎగబాకుతది." చాలాసేపు రాశాడు. గోలీ డబుల్ లేదు, రకమే మార్చాడు. పొద్దున్నే గోలీకి ముందు ఏదన్నా పలహారం తినమన్నాడు. ఉపవాసం ఉండి తీరాల్సిందేనంటే ముందుగా తనను అడగమన్నాడు. శోభారాణి ప్రతి మాటా ఆయన చేత రెండోసారి చెప్పించుకుని గాని కాగితం అందుకోలేదు.

బయటికొచ్చేసరికి సమ్మమ్మ లేచి నిలబడి కొంగు సర్దుకుంటోంది. శోభారాణి ఆమె భుజం పట్టుకుని చెవిలో చెప్పింది. "అవ్వా, అంతా చెప్పు. బెల్లం సంగతి గూడ చెప్పు. ఆయన అడిగేదాంక లేవకు."

ముసలమ్మ లోపలికి పోయింది. తలుపు పూర్తిగా పడకముందే డాక్టర్ గొంతు వినిపించింది. కసిరినట్టే ఉంది గాని, అడుగుతున్నాడు.

"కూర్చో అమ్మా. పొద్దున ఏమన్నా తిన్నవా?"

శోభారాణి తన చేతులు చాపి చూసుకుంది. వేళ్లకు బెల్లం జిగట ఇంకా ఉంది, వణుకు లేదు. దుకాణానికి పోవాలి. అయినా కదలకుండా హాల్లోనే నిలబడి విన్నది. లోపల గంట చాలాసేపటిదాకా మోగలేదు.