తవుడిచ్చి కొనని బిడ్డ

ఇబ్రహీంపట్నం పిల్లల దవాఖానకు ఐదంతస్తుల కొత్త భవనం లేచింది. ప్రారంభోత్సవానికి ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. ఆఫీసులో పనిచేసే మనోజ అందుకోసమే ఆయా సుసన్న ముందు ఫోనులో రికార్డింగు పెట్టుకుని కూర్చుంది.

"పెద్దమ్మా, మొదట్ల ఎన్ని మంచాలుండె?"

"నాలుగు. అండ్ల ఒకటి కుంటిది."

సుసన్న మొదలుపెడితే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. బస్టాండు వెనక రెండు గదుల పెంకుటిల్లు. వాన పడితే మంచాలు ఒక మూలకు, బిడ్డలు ఇంకో మూలకు. డాక్టరు నర్మదమ్మ ఒక్కతే, సాయానికి సుసన్న ఒక్కతే. మహేశ్వరం వైపు నుంచి తల్లులు ఎర్రబస్సులో బిడ్డలను చంకనేసుకుని దిగేవాళ్లు. పోను పోను పది మంచాలయ్యాయి. శేరిగూడలో కాలేజీలు వచ్చినప్పుడు మేడ లేచింది. ఇప్పుడు లిఫ్టు కూడా వచ్చింది. లిఫ్టంటే సుసన్నకు గిట్టదు, మోకాళ్లను తిట్టుకుంటూ మెట్లే ఎక్కుతుంది.

ఆమె మనసు మాత్రం ఆ పెంకుటింటి గడప దాటి రాలేదు. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోయిన తల్లి, మళ్లీ పుట్టిన బిడ్డకు జబ్బు చేస్తే చాటలో వేసి ఆ గడప మీద పెట్టేది. సుసన్న ఎత్తుకుని "గీ బిడ్డ నాది" అనాలి. మృత్యువు వచ్చినా ఆ తల్లికి బిడ్డే లేదనుకుని వట్టి చేతులతో పోవాలట. జబ్బు తగ్గాక తల్లి గుప్పెడు తవుడిచ్చి బిడ్డను కొనుక్కుపోయేది. పాస్టరు ఒకసారి కోప్పడితే, "యేసయ్యకు లేని కోపం మీకెందుకు అయ్యగారూ?" అంది సుసన్న. నర్మదమ్మ మాత్రం నవ్వేది. "మందు నాది, బిడ్డ సుసన్నది" అనేది.

అలా తవుడుకు కొనుక్కుపోయిన పిల్లలు ఎందరో. ఒక్కడే మిగిలిపోయాడు.

"భిక్షం," అంది సుసన్న. "నలుగురు పోయినంక పుట్టిండు. ఊపిరాడకపాయె. అప్పుడు మా దగ్గర గాలి మిషను లేకుండె, పట్నం పెద్దదవాఖానకు తోలిచ్చినం. బతికితే తవుడు తెస్తనన్నది తల్లి. ముప్పై ఏండ్లాయె, రాలే. వాడు ఉన్నడో లేడో నాకు తెల్వాలె బిడ్డా. మంచాల లెక్క నువ్వే రాస్కో, గదంత నాకెందుకు?"

మనోజ ఆ మాటల రికార్డింగును ఉన్నదున్నట్టు వాట్సాప్‌లో పెట్టింది. అవి ఊళ్ల గ్రూపులన్నీ తిరిగాయి.

ప్రారంభోత్సవం రోజు, పెద్దలు రిబ్బను కత్తిరించి టిఫిన్లకు పోయాక, ఖాకీ చొక్కా వేసుకున్న బస్సు డ్రైవరు ఒకడు సుసన్నను వెతుక్కుంటూ వచ్చాడు.

"నేను భిక్షాన్ని. సాటల పెట్టిన పిలగాన్ని."

సుసన్న అతని రెండు చెంపలూ పట్టుకుని చూసింది. సంతోషం ముందు తిట్టుగానే బయటికొచ్చింది.

"బతికుంటే చెప్పొద్దారా! ఇన్నేండ్లు నన్ను సంపుతివి గదరా!"

"చిన్నమ్మ రానియ్యలే."

"ఎవరు చిన్నమ్మ?"

"నన్ను కన్నామె. కొనుక్కుంటే మళ్ల తన బిడ్డనైత, మృత్యువు కండ్లల్ల పడ్త అని భయం. 'నువ్వు దవాఖాన సుసన్నమ్మ కొడుకువి, నన్ను చిన్నమ్మ అను' అనుకుంటనే పెంచింది. ఫోన్ల నీ మాట విని మస్తు ఏడ్సింది. గేటు కాడ ఆటోల కూసున్నది. జర నువ్వే రా."

ఆటోలో ముసలామె ఒళ్లో గుడ్డ మూట ఉంది. సుసన్నను చూడగానే దాన్ని గుండెలకు హత్తుకుంది.

"అక్కా, భయమైతంది. పోరడు మంచిగున్నడు. ఇప్పుడు కొనుక్కుంటే ఏమన్న ఐతే?"

సుసన్న ఆటో కడ్డీ పట్టుకుని ఆమె ముఖంలోకి చూసింది. మాట తప్పిందని ఇన్నేళ్లూ తాను తిట్టుకున్న మనిషి, కన్నకొడుకుతో అమ్మా అని పిలిపించుకోకుండా బతికింది.

"ఏం గాదు. నా ఎనక జూడు, ఐదంతస్తులు. గాలి మిషన్లు మస్తున్నయి. ఫికర్ జెయ్యకు, ఇయ్యి."

ముసలామె మూట విప్పింది. సుసన్న కొంగు పట్టింది. తొందరలో సగం తవుడు నేలపాలైంది.

"తీస్కపో. నీ కొడుకు నీకే."

భిక్షం ఆటోలోకి వంగాడు. అలవాటు లేని మాటే అయినా, "అమ్మా," అన్నాడు.

"ఆఁ," అన్నారు ఇద్దరూ.